చెవిలో కుదిరిన నిశ్శబ్దం గదిలో ఎందుకు కుదరదు?

ప్రశ్న: మాస్టారూ, మాది పర్లాకిమిడి. మా పెరటి గోడకి అవతల దుకాణాలు కట్టారు. కరెంటు పోయినప్పుడల్లా వాళ్ల డీజిల్ జనరేటర్ మొదలవుతుంది. చెవిలో కంటే గుండెలో ఎక్కువ గుమ్ముమంటుంది. మా అత్తగారికి 74 ఏళ్లు, ఆవిడ పడుకునే గది ఆ వైపే. వెనక గోడ నుంచి ఎదుటి గోడకి 11 అడుగులు. మంచం తలవైపు వెనక గోడకి ఆనించి ఉంటుంది. మా అబ్బాయి ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే బస్సు మోత కూడా తెలియదంటాడు. ఆవిడేమో చెవిలో దూదైనా పెట్టనివ్వరు. అదే పద్ధతిలో గది మొత్తాన్ని నిశ్శబ్దం చేస్తుందని అరచేతంత పెట్టె ఒకటి 18 వేలకి అమ్ముతున్నారు. కొనమంటారా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: కొనొద్దమ్మా. ఆ 18 వేలు బీరువాలోనే ఉండనివ్వండి.

ముందుగా, నేను మాస్టారిని కాను. బరంపురంలో ముప్పై ఏళ్లు సౌండ్ బాక్సులు అద్దెకిచ్చి, కాలిపోయినవి బాగుచేసి బతికినవాణ్ణి. మీరడిగిన విద్య నా దగ్గరికి ఒక పొరపాటు రూపంలో వచ్చింది. ఛత్రపురంలో ఒక పెళ్లికి పందిరికి అటొకటి ఇటొకటి పెద్ద బాక్సులు నిలబెట్టాం. మా కుర్రాడు ఒకదానికి ఎర్ర వైరు, నల్ల వైరు తారుమారు చేశాడు. పాట వస్తోంది, గొంతు వినిపిస్తోంది, డోలు మాత్రం లేదు. పెళ్లికూతురి తండ్రి సరిగ్గా పందిరి మధ్యలో నిలబడి ‘డొల్ల బాక్సులు తెచ్చావేంటయ్యా’ అని కేకలు. బాక్సు దగ్గరికి పరుగెత్తితే అక్కడ డోలు దద్దరిల్లిపోతోంది. మధ్యకి వస్తే మాయం. ఒక బాక్సులో స్పీకరు అట్ట ముందుకొచ్చి గాలిని నెట్టే క్షణానికే రెండోదాంట్లో అట్ట వెనక్కి పోయి గాలిని లాగుతోంది. ఒకడు ఇచ్చిందాన్ని ఇంకొకడు లాక్కుంటే మధ్యలో ఉన్నవాడికి మిగిలేదేముంది?

మీ అబ్బాయి ఇయర్‌బడ్స్ చేసేది ఈ పొరపాటునే, కావాలని, లెక్కగా. బయటి చప్పుడుని చిన్న మైకు వింటుంది, లోపలి స్పీకరు దానికి సరిగ్గా తలకిందుల చప్పుడు పలుకుతుంది. ఆలోచన కొత్తదేం కాదు. పౌల్ లూయెగ్ అనే జర్మన్ దీనికి అమెరికాలో పేటెంటు పుచ్చుకున్నది 1936లో. మన పర్లాకిమిడి, బరంపురం మద్రాసుని వదిలి ఒడిశాలో కలిసిన ఏడాదే అది. ఆయన మొదటి బొమ్మలో గీసి చూపించింది కూడా గదిని కాదు, గొట్టాన్ని. అక్కడే ఉంది కిటుకు.

చప్పుడు సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. సెకనుకి వెయ్యిసార్లు ఊగే కీచు శబ్దం అయితే ఒక్కో అల పొడవు జానెడున్నర, అంటే 34 సెంటీమీటర్లు. తలకిందుల చప్పుడు బాగా పనిచేసేది ఆ పొడవులో పదోవంతు మేరలోనే అనుకోండి. అంటే మూడున్నర సెంటీమీటర్లు. ఇయర్‌బడ్‌కి, కర్ణభేరికి మధ్య దూరం అంతకంటే తక్కువ కాబట్టి అక్కడ సరిపోయింది. గొట్టంలో అయితే బొంగురు చప్పుడుకి ఒకటే దారి, ఎదురెళ్లి పట్టుకోవచ్చు. గదిలో అది గోడలకీ కప్పుకీ కొట్టుకుని పది దిక్కుల నుంచీ వస్తుంది. ఒక మూల తగ్గిస్తే ఇంకో మూల పెరుగుతుంది. పెళ్లిలో బాక్సు పక్కన నిలబడ్డవాళ్లని అడగండి, చెప్తారు.

గదికి చేసినవాళ్లు లేకపోలేదు. 2020లో సింగపూర్ నాన్‌యాంగ్ యూనివర్సిటీ వాళ్లు తెరిచిన కిటికీకి 24 చిన్న స్పీకర్లు వరసగా బిగించి, వచ్చే రోడ్డు మోతని 10 డెసిబెల్స్ దాకా తగ్గించారు. అది నిజమైన పని. కానీ అంత చేసినా, 300 హెర్ట్జ్ (సెకనుకి 300 ఊపులు) కంటే కిందికి దిగే బొంగురు చప్పుడుని ఆ బుల్లి స్పీకర్లు పట్టలేవు. మీ జనరేటరేమో ఇంకా పాతాళంలో ఉంది. మన కరెంటుకి తగ్గట్టు అది నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. నాలుగు సిలిండర్లదైతే సెకనుకి 50 పేలుళ్లు. ఆ అల పొడవు దాదాపు 7 మీటర్లు. అంత అలకి ఎదురు నిలబడాలంటే జాతరకి కట్టే బాక్సు కావాలి, అరచేతి పెట్టె కాదు. అమ్మేవాడు బహుశా ఫ్యాను హోరులాంటి ఇంకో చప్పుడు కలిపి దీన్ని కప్పెడతాడు.

ఇప్పుడు ఖర్చులేని పని చెప్తాను. 7 మీటర్లలో సగం మూడున్నర మీటర్లు, అంటే పదకొండు అడుగుల చిల్లర. మీ గది కొలతే! అలాంటప్పుడు ఆ గుమ్ము గోడల దగ్గర, మూలల్లో పోగవుతుంది, గది నడుమ బాగా తగ్గుతుంది. మీ అత్తగారి తల సరిగ్గా గోడకి ఆనుకుని ఉంది. ఈసారి జనరేటర్ మోగుతున్నప్పుడు మీరే వెనక గోడ దగ్గర నుంచి ఎదుటి గోడ దాకా మెల్లగా నడిచి చూడండి. ఎక్కడ గుండెలో మోత తగ్గిందో అక్కడికి తల వచ్చేలా మంచం లాగండి. ఇంజను వేరే రకమైతే ఆ చోటు కొంచెం అటూ ఇటూ అవుతుంది. లోహపు గరగర మాత్రం పోదు. మంచం అడ్డమని ఇంట్లో సణుగుతారు, సణగనివ్వండి.

తర్వాత అవతలి షాపాయన దగ్గరికి వెళ్లండి, కాస్త ఒడియాలో పలకరించి. వేడెక్కుతోందని జనరేటర్ డబ్బా తలుపులు తీసి ఉంచుతారు చాలామంది. మూయించి, ఆ వేడి పోవడానికి గాలి దారి సరిచేసుకోమనండి. సైలెన్సర్ చిల్లుపడిందేమో, గొట్టం మూతి మీ వైపుందేమో, కింద రబ్బరు దిమ్మలు అరిగాయేమో చూడమనండి. కొత్త సెట్లకి మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదని నిబంధన ఉంది. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45. ఈ అంకెలు నోటికి రానివ్వండి, కానీ మొదటి రోజే ఆయన మీద విసరకండి.

ప్రశ్న: చప్పుడు మీద ఇంకో చప్పుడు కలిపితే చెవికి రెట్టింపు దెబ్బ కాదా? నేను రోజూ ఇయర్‌బడ్స్ పెట్టుకునే రాయగడ స్టేషన్ పక్కన పట్టాల వెంట వాకింగ్ చేస్తాను.
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: రెట్టింపు కాదు బాబూ, ఒకటి నెడితే ఒకటి లాగుతుంది కాబట్టి కర్ణభేరికి అందేది తగ్గుతుంది. కొందరికి చెవి బిగిసినట్టు అనిపిస్తుంది, అలాగైతే తీసేయండి. కానీ మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది రెండో వాక్యం. ఆ బడ్స్ అన్నిటికంటే బాగా తుడిచేసేది దూరం నుంచి వచ్చే బొంగురు మోతనే. గూడ్సు బండి మోత అదే. పట్టాల వైపు వెళ్లేటప్పుడు వాటిని జేబులో వేసుకోండి, లేదా వాకింగ్ మజ్జిగౌరమ్మ గుడి వైపు మార్చుకోండి.