ఆ ఐదు శాతం ఎవరో చూడు తల్లీ

తల్లీ,

సర్కారు డేటా టీంలో చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. కంపెనీ జీతం వదులుకుని వస్తున్నావంటే గర్వంగానే ఉంది. కానీ మొన్న మాటల్లో "అనర్హుల రేషన్ కార్డులను ప్రోగ్రాం 95 శాతం కరెక్ట్‌గా పట్టుకుంటే చాలు పెదనాన్నా" అన్నావు చూడు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లక్ష కార్డుల మీద ఐదు శాతమంటే ఐదు వేల ఇళ్లు కదమ్మా!

మామూలు సంగతులు నీకు తెలిసినవే. ఏ శాఖ డేటా ఇచ్చినా అది ఏ తేదీదో రాయించుకో. నోటిమాట మీద పని మొదలుపెట్టకు, నిన్ను పిలిచిన అధికారి రేపు బదిలీ అయిపోవచ్చు. మన పేర్ల ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కో ఆఫీసులో ఒక్కోలా ఉంటుంది, ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక. పుట్టినరోజు తెలియనివాళ్లలో చాలామందికి జనవరి ఒకటే రాసేశారు.

నేను చేసిన తప్పు మాత్రం నీకెప్పుడూ చెప్పలేదు. పౌర సరఫరాల పనిలో ఉన్నప్పుడు కార్లున్నవాళ్ల జాబితా పైనుంచి వచ్చింది, మూడు రోజుల్లో వాళ్ల రేషన్ కార్డులు తీసేయాలన్నారు. ముందు ఇంటికి వెళ్లి చూడాలి. నేను వెళ్లలేదు, కుర్చీలో కూర్చునే అన్నీ ఓకే కొట్టేశాను. తర్వాతి నెల ఒక ముసలావిడ వచ్చింది. భర్త లేడు, కూలికి పోతుంది. "మా ఇంట్ల కారుందంటున్నరు సారూ, నేను ఇంతవరకు కారెక్కనే లేదు" అంది. తీరా చూస్తే జాబితాలో తప్పేం లేదు! ఆమె భర్త ఒకప్పుడు డ్రైవరు, యజమాని తన కారును అతని పేరు మీద రాయించాడు. మనిషి పోయినా కార్డులో పేరు ఉంది, కారు యజమాని ఇంట్లో ఉంది.

కార్డు తీసేసే బటన్ నా లాగిన్‌లో ఉంది, తిరిగి పెట్టేది లేదు. దానికి నేను జిల్లాకు రాయాలి, వాళ్లు పైకి రాయాలి. ఎనిమిది నెలలు పట్టింది. ప్రతి నెలా ఆమె వచ్చి నా బల్ల ముందు నిలబడేది, వచ్చే వారం రమ్మనేవాణ్ణి, ఒకసారి విసుక్కున్నాను కూడా. బస్సుకు డబ్బుల్లేక నడిచి వస్తోందని అటెండరు చెప్పేదాకా నాకు తెలియదు.

ఇది నా ఒక్కడి సంగతి అనుకోకు. మన తెలంగాణలోనే కంప్యూటర్ లెక్కతో రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. వేర్వేరు శాఖల డేటాను కలిపి మనిషిని గుర్తుపట్టే 'సమగ్ర వేదిక' అనే మన సర్కారు ప్రోగ్రాం లాంటివాటి మీదే కదా నువ్వూ పనిచేయబోయేది.

అందుకే చేరిన రోజే అడుగు, తీసేసిన పేరు తిరిగి పెట్టే అధికారం ఎవరిది, ఎన్ని రోజుల్లో పెడతారు, తీసే ముందు ఆ ఇంటికి తెలుగులో నోటీసు వెళ్తుందా అని. జవాబు రాకపోతే జాబితా చేతికివ్వకు. మీ సార్లు కోప్పడతారు, పడనీ. ఉద్యోగం పోతుందేమోనని మీ నాన్న భయం. నువ్వూ నాలాగే ఓకే కొట్టేస్తావేమోనని నా భయం.

చేరేముందు ఒకసారి ఊరికి రా. నెల మొదట్లో అయితే మంచిది, పొద్దున్నే రేషన్ షాపు దగ్గర నిలబడదాం. వేలిముద్ర పడక, చీర కొంగుకు వేలు తుడుచుకుని మళ్లీ మళ్లీ మిషన్ మీద పెట్టేవాళ్లను దగ్గర్నుంచి చూద్దువుగాని.

మీ పెదనాన్న