లాస్ ఏంజెలెస్ కంటే జకార్తా పెద్దది: పి.టి. ఉష గురించి ఒక హర్డిలర్ జవాబు

ఒలింపిక్ పతకం లేని పి.టి. ఉషను ఇంతగా పొగడటం 1984 ఒలింపిక్స్‌లో నూరో వంతు సెకను తేడాతో ఆమెకు కాంస్యం చేజారిందన్న జాలి వల్లనేనా అనీ, ఆమె రికార్డులను ఇప్పటివారు దాటేశారు కదా అనీ మీరు అడిగారు. నేను కళాశాలలో చదివే రోజుల్లో 400 మీటర్ల హర్డిల్స్ (దారిలో నిలిపిన అడ్డు చట్రాల మీదుగా దూకుతూ సాగే పరుగు) పరిగెత్తాను, విశ్వవిద్యాలయాల మధ్య జరిగే పోటీల వరకు వెళ్లాను, ఇప్పుడు వ్యాయామ ఉపాధ్యాయురాలిగా అదే పరుగును ఆడపిల్లలకు నేర్పుతున్నాను. జాలి ఉన్నమాట నిజమే. కానీ ఆ జాలి ఆమెకు మేలేమీ చేయలేదు. ఆమె సాధించిన అసలు ఘనతను కప్పివేసిందనే నేను అనుకుంటాను.

ముందు ఆ రేసు సంగతి చెబుతాను. మహిళల 400 మీటర్ల హర్డిల్స్‌కు ఒలింపిక్స్‌లో చోటు దొరికిందే 1984లో, లాస్ ఏంజెలెస్‌లో. అంతకు రెండేళ్ల ముందు ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఉష పరిగెత్తినవి 100, 200 మీటర్లు. రెండింటిలోనూ రజతాలు గెలిచారు. ఆ క్రీడల్లో హర్డిల్స్ స్వర్ణం మరో కేరళ క్రీడాకారిణి ఎం.డి. వల్సమ్మది. అంటే ఉష హర్డిల్స్‌లో పండిపోయిన మనిషిగా కాక, వేగం ఉండి హర్డిల్స్ అనుభవం తక్కువగా ఉన్న మనిషిగా ఒలింపిక్స్‌కు వెళ్లారు. అయినా సెమీఫైనల్‌ను 55.54 సెకన్లలో గెలిచారు. ఫైనల్లో మొరాకోకు చెందిన నవాల్ ఎల్ ముతవకిల్ 54.61తో స్వర్ణం, అమెరికాకు చెందిన జూడీ బ్రౌన్ 55.20తో రజతం, రొమేనియాకు చెందిన క్రిస్టియానా కొజొకారు 55.41తో కాంస్యం గెలిచారు. ఉష సమయం 55.42, స్థానం నాలుగు. సోవియట్ యూనియన్, తూర్పు జర్మనీ ఆ క్రీడలను బహిష్కరించాయన్నది కూడా మరువకూడదు. అవి వచ్చి ఉంటే నాలుగో స్థానమే కష్టమయ్యేదని ఆమెను అభిమానించే నాలాంటివాళ్లు కూడా ఒప్పుకోవాలి. తూర్పు ఐరోపా కూటమిలో ఆ బహిష్కరణను కాదని వచ్చిన రొమేనియాకే ఆ కాంస్యం దక్కడం ఒక విచిత్రం.

నూరో వంతు సెకను అంటే దూరంలో ఎంత? ఆ పరుగు చివర సెకనుకు సుమారు ఏడు మీటర్ల వేగం ఉంటుందనుకుంటే, తేడా ఏడు సెంటీమీటర్లు. ముగింపు గీత దాటడాన్ని మొండెంతో లెక్కిస్తారు. తల, చేతులు, కాళ్లు లెక్కలోకి రావు. అందుకే చివరి అడుగులో ఛాతీని ముందుకు వంచడం నేర్పుతాం. ఉష సరిగ్గా వంగలేదని ఇప్పటికీ చాలామంది అంటారు. ఈ పరుగు పరిగెత్తినవాళ్లెవరూ ఆ మాట అంత తేలిగ్గా అనరని నా నమ్మకం. మొదటి హర్డిల్ 45 మీటర్ల దగ్గర ఉంటుంది, తర్వాత 35 మీటర్లకొకటి చొప్పున మొత్తం పది, చివర 40 మీటర్ల ఖాళీ పరుగు. ఏడో హర్డిల్ దాటాక అడుగుల పొడవు మనకు తెలియకుండానే తగ్గిపోతుంది. రెండు హర్డిల్స్ మధ్య అంతదాకా సరిపోయిన అడుగుల లెక్క అక్కడినుంచి సరిపోదు, అలవాటు లేని కాలితో దూకవలసి వస్తుంది. పదో హర్డిల్ దాటి నేల మీద కాలు మోపేసరికి నాకు తొడలు నావి కావనిపించేది. ఆ స్థితిలో ఛాతీని ఏ క్షణంలో వంచాలో చెప్పగలిగేది ఏళ్ల అలవాటు ఒక్కటే, ఉష దగ్గర లేనిది అదే. పైగా మొదటి ఆరంభంలో మరొకరి ఫౌల్ స్టార్ట్ (సంకేతానికి ముందే కదలడం) వల్ల అందరూ వెనక్కి వచ్చి మళ్లీ బయలుదేరవలసి వచ్చింది. ఒలింపిక్ గ్రామంలో అలవాటైన తిండి దొరకక గంజీ ఊరగాయలతో గడుపుకున్నానని, చివరి మీటర్లలో సత్తువ లేకపోవడానికి అదీ ఒక కారణమని ఆమె తర్వాత చెప్పారు. ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చే మనిషిగా నాకు మిగతా అన్ని కారణాల కంటే ఇదే ఎక్కువ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే వీటన్నిటిలో ఎవరైనా సులువుగా సరిదిద్దగలిగి ఉండేది ఇదొక్కటే.

ఇక జకార్తాకు వద్దాం. 1985లో అక్కడ జరిగిన ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో ఉష 100, 200, 400 మీటర్ల పరుగుల్లో, 400 మీటర్ల హర్డిల్స్‌లో, 4×400 రిలేలో స్వర్ణాలు గెలిచి, 4×100 రిలేలో కాంస్యం కూడా అందుకున్నారు. పతకాల సంఖ్య ఎలాగూ అందరికీ తెలిసిందే. నన్ను ఆశ్చర్యపరిచేది ఆ పతకాలు వచ్చిన పరుగుల రకాలు. వంద మీటర్లలో గెలుపు ఓటములు చాలావరకు బ్లాక్స్ (ఆరంభంలో పాదాలు ఆనించే దిమ్మలు) నుంచి లేవడంలోనూ, మొదటి ముప్పై మీటర్లలోనూ తేలిపోతాయి. దానికి నరాలు తాజాగా ఉండాలి, కండరాల్లో బడలిక ఉండకూడదు. నాలుగు వందల మీటర్లు బడలికను ఓర్చుకునే పరుగు. హర్డిల్స్‌లో ఆ బడలికతో పాటు అడుగుల లెక్క కూడా తప్పకూడదు. కళాశాలలో ఉన్నప్పుడు ఉదయం హర్డిల్స్ హీట్ (ఫైనల్‌కు ముందు జరిగే అర్హత పరుగు) పరిగెత్తి, సాయంత్రం రిలేలో బ్యాటన్ అందుకున్న రోజులు నాకున్నాయి. ఆ సాయంత్రం కాళ్లు పరుగెత్తేవి గానీ పదును ఉండేది కాదు. మరుసటి ఉదయం మెట్లు దిగడమే కష్టమయ్యేది. నా స్థాయి వేరు, ఆమె స్థాయి వేరు. కానీ శరీరధర్మం ఇద్దరికీ ఒకటే. హీట్లు, ఫైనళ్లు కలుపుకుంటూ కొద్ది రోజుల వ్యవధిలో ఇన్ని రకాల పరుగులకు శరీరాన్ని మార్చి మార్చి సిద్ధం చేస్తూ, ఒంటరిగా పరిగెత్తిన ప్రతి పోటీలోనూ ఖండంలోనే మొదటి స్థానంలో నిలబడటం నాకు ఒలింపిక్ కాంస్యం కంటే అరుదైన పనిగా కనిపిస్తుంది. అప్పుడు ఆమె వయసు 21.

మరుసటి ఏడాది సియోల్ ఆసియా క్రీడల్లో 200, 400 మీటర్లు, 400 మీటర్ల హర్డిల్స్, 4×400 రిలే స్వర్ణాలు మళ్లీ ఆమెవే. వల్సమ్మ, షైనీ అబ్రహాం, వందనా రావు ఆ రిలేలో ఆమెతో ఉన్నారు. ఆ క్రీడల్లో భారతదేశానికి వచ్చిన మొత్తం స్వర్ణాలు ఐదే. ఉష పరుగుల్లో రానిది కుస్తీలో కర్తార్ సింగ్ గెలిచినది మాత్రమే. వంద మీటర్లలో మాత్రం ఫిలిప్పీన్స్‌కు చెందిన లిడియా డి వేగా, ఢిల్లీలో లాగానే, ఆమెను రెండో స్థానానికి నెట్టారు.

ఇదంతా ఒక్క మనిషి ప్రతిభగా చూడటం కూడా సరికాదు. కోళికోడ్ జిల్లా పయ్యోలి ప్రాంతంలో పెరిగిన ఉష, 1976లో కన్నూరులో ఆడపిల్లల కోసం కేరళ ప్రభుత్వం నడిపిన క్రీడా పాఠశాలలో చేరారు. అక్కడే ఆమె ఓ.ఎం. నంబియార్ కంటపడ్డారు. సన్నని శరీరం, వేగమైన నడక చూసి ఈ పిల్ల పరుగుకు పనికివస్తుందని గుర్తించిన ఆ మాజీ వైమానిక దళ ఉద్యోగి, సముద్రపు ఇసుకలో పరిగెత్తించి ఆమెను తయారుచేశారు. 1985లో శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారాన్ని మొదటిసారి ఇచ్చినప్పుడు అందుకున్నవారిలో ఆయన ఉన్నారు. పరుగుల మనిషిని హర్డిల్స్‌కు మళ్లించడమనే సాహసం కోచ్‌ది. ఆ రోజుల్లో మన దేశంలో అలా ఆలోచించినవాళ్లు అరుదు.

1988 సియోల్ ఒలింపిక్స్‌లో మడమ గాయంతో హీట్లలోనే వెనుదిరిగినప్పుడు, రెండేళ్ల ముందు అదే నగరం నుంచి స్వర్ణాలు తెచ్చిన ఆమెను దేశంలో చాలామంది నిందించారు. ఆమె 1989లో ఢిల్లీ ఆసియా ఛాంపియన్‌షిప్‌లో నాలుగు స్వర్ణాలతో దానికి బదులిచ్చారు. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో మూడు రజతాల తర్వాత ట్రాక్‌కు దూరమై, 1991లో వి. శ్రీనివాసన్‌ను వివాహం చేసుకుని, కొడుకు పుట్టిన తర్వాత మళ్లీ వచ్చారు. బిడ్డ పుట్టాక మళ్లీ స్పైక్స్ (పరుగు బూట్లు) వేసుకున్న నాకు, తుంటి దగ్గర పట్టు సడలి వెనుక కాలు హర్డిల్ మీదుగా తేలిగ్గా రాకపోవడం గుర్తుంది. అందుకే ఆమె రెండో దశను నేను తక్కువగా చూడలేను. 1998లో ఫుకువోకా ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 34 ఏళ్ల వయసులో 200, 400 మీటర్లలో కాంస్యాలు, 4×100 రిలేలో స్వర్ణం గెలిచారు. 2000లో పూర్తిగా విరమించి, 2002లో తన పేరిట అథ్లెటిక్స్ పాఠశాలను ప్రారంభించారు. 800 మీటర్ల పరుగులో పేరు తెచ్చుకున్న టింటూ లూకా అక్కడినుంచే వచ్చారు. 2022లో ఆమె రాజ్యసభకు నామినేట్ కావడం, భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలు కావడం మీకు తెలిసే ఉంటుంది. పాలనలో ఆమె పనితీరు మీద వాదోపవాదాలు ఉన్నాయి, అవి ఈ ప్రశ్నకు సంబంధించినవి కావు.

రికార్డుల విషయానికొస్తే, మీరు చెప్పింది సగం నిజం. వంద మీటర్లలో ద్యుతీ చంద్ 11.17కు, 200లో సరస్వతీ సాహా 22.82కు, 400లో హిమా దాస్ 50.79కు వెళ్లారు, ఆ మూడింటిలోనూ ఉష సమయాలు చాలా వెనుక పడ్డాయి. ఆ మూడు రికార్డులూ ఒక్కరివి కావు, ముగ్గురివన్నది మాత్రం గమనించండి. హర్డిల్స్‌లోని 55.42ను మాత్రం 39 ఏళ్లపాటు మన దేశంలో ఎవరూ అందుకోలేకపోయారు. 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల హీట్లలో తమిళనాడుకు చెందిన విత్య రామ్‌రాజ్ గీత దాటినప్పుడు కనిపించిన సమయం కూడా సరిగ్గా 55.42. ఫైనల్లో ఆమె 55.68తో కాంస్యం గెలిచారు.