బ్యాంకాక్‌లో మొదటి రోజు: బేరం అక్కర్లేని పనులే పెట్టుకోండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో బ్యాంకాక్ గురించినవే ఎక్కువ. రాసినవారిలో చాలామంది వీపున ఒక సంచి తగిలించుకుని మొదటిసారి ఆ నగరానికి బయలుదేరుతున్నవారు. ఒకరిద్దరు వారి తల్లిదండ్రులు. అందరి సందేహాలూ అక్కడ గడపబోయే మొదటి రోజు చుట్టూనే తిరుగుతున్నందున వాటిని ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నా విమానం తెల్లవారుజామున సువర్ణభూమి విమానాశ్రయంలో దిగుతుంది. ఖావోసాన్ రోడ్డు దగ్గర ఒక హాస్టల్లో మంచం తీసుకున్నాను కానీ, మధ్యాహ్నం రెండు గంటలకు గాని ఇవ్వమంటున్నారు. నగరంలోకి ఎలా చేరుకోవాలి? రెండింటిదాకా ఏం చేయాలి? రాజప్రాసాదం, వాట్ ఫో, వాట్ అరుణ్ ఆలయాలు, చైనాటౌన్ అన్నీ ఆ రోజే చూసేయవచ్చా?

జవాబు: చూసేయవచ్చు, కానీ ఆ పని చేయవద్దు. రాత్రంతా విమానంలో కునికిపాట్లు పడి, ఉక్కపోతలోకి దిగి, చేతిలో అలవాటులేని నోట్లు పట్టుకున్న మనిషి ఎంత తెలివైనవాడైనా ఆ పూట బేరాలకు పనికిరాడు. అందువల్ల మొదటి రోజు ధర ముందే రాసి ఉన్న పనులు మాత్రమే పెట్టుకోండి. టికెట్టు ఉన్న రైలు, మీటరు ఉన్న టాక్సీ, ఒకే రేటు ఉన్న పడవ, కౌంటరు ఉన్న ఆలయం ఆ రోజుకు చాలు. టుక్‌టుక్‌లు అనే మూడు చక్రాల ఆటోలు, దర్జీ దుకాణాలు, తోవలో కలిసి యాత్రలు ఏర్పాటు చేస్తామనేవారు రెండో రోజు కూడా అక్కడే ఉంటారు.

విమానాశ్రయం నగరానికి తూర్పున దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ రైలు భూగర్భ అంతస్తు నుంచి బయలుదేరి అరగంటలోపు నగరంలోని ఫయాథాయ్ స్టేషను చేరుస్తుంది. ఆ చివరిదాకా టికెట్టు 45 బాత్‌లు (బాత్ థాయి కరెన్సీ). అయితే మీరు దిగబోయే ఖావోసాన్ ప్రాంతానికి మెట్రో గానీ స్కైట్రైన్ గానీ లేదు కనుక ఫయాథాయ్‌లో దిగాక మళ్లీ టాక్సీయో బస్సో ఎక్కవలసిందే. సామాను వీపున ఉన్నప్పుడు అంతకన్నా నయం, విమానాశ్రయం నుంచి నేరుగా ఖావోసాన్‌కు వెళ్లే ఎస్1 బస్సు. దాని టికెట్టు 60 బాత్‌లు. ఉదయపు రద్దీ మొదలయ్యాక మాత్రం బస్సు ఎంతసేపటికి చేరుతుందో డ్రైవరు కూడా చెప్పలేడు.

ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తుంటే మీటరు టాక్సీయే మేలు. మొదటి అంతస్తులో బయట వరుసగా యంత్రాలు ఉంటాయి. మీట నొక్కితే ఒక చీటీ వస్తుంది, అందులో మీ టాక్సీ నిలిచి ఉన్న వరుస సంఖ్య ఉంటుంది. మీటరు 35 బాత్‌ల దగ్గర మొదలవుతుంది, దానిపై విమానాశ్రయ రుసుము 50 బాత్‌లు కలుస్తుంది, ఎక్స్‌ప్రెస్ రహదారి టోలు కూడా ప్రయాణికుడే కట్టుకోవాలి. ఇవన్నీ న్యాయమైనవే, వాటి గురించి వాదించనక్కర్లేదు. బండి కదిలాక మీటరు వేయకుండా ఒక మొత్తం చెప్పినప్పుడే అభ్యంతరం చెప్పాలి. ఆ చీటీని దిగేదాకా జేబులోనే ఉంచుకోండి, ఫిర్యాదు చేయవలసివస్తే అదే ఆధారం.

ఇక మధ్యాహ్నం రెండింటిదాకా ఏం చేయాలన్న సంగతి. మంచం ఇవ్వకపోయినా సంచి ఉంచుకోవడానికి దాదాపు ఏ హాస్టలూ కాదనదు. చాలాచోట్ల స్నానానికీ ఒప్పుకుంటారు, అడగడమే తరువాయి. సంచి అక్కడ పడేసి, ముఖం కడుక్కుని, కొద్దిదూరంలోనే ఉన్న ఫ్రా ఆర్థిత్ రేవుకు నడవండి. చావో ప్రాయా నదిపై నారింజ రంగు జెండా కట్టిన పడవలు తిరుగుతాయి. ఎక్కడ ఎక్కినా ఎక్కడ దిగినా 16 బాత్‌లు. నీలిరంగు జెండా పడవలు పర్యాటకులవి, వాటి టికెట్టు దీనికన్నా బాగా ఎక్కువ. రేవులో ముందుగా వాటి బల్లే కంటపడుతుంది కనుక జెండా చూసి ఎక్కండి. పడవ తాడు కట్టీ కట్టకముందే జనం దిగి ఎక్కేస్తారు, వెనక నిలుచున్న మనిషి ఈల వేయగానే కదిలిపోతుంది. లోపల కండక్టరు చేతిలో పొడవాటి లోహపు గొట్టం ఉంటుంది. టికెట్ల చుట్టలూ చిల్లరా అందులోనే. దాన్ని టకటకలాడిస్తూ వచ్చిందంటే డబ్బు తీయమని అర్థం. భిక్షువులకు కేటాయించిన చోటు ఒకటి ఉంటుంది, అక్కడ నిలబడవద్దు. ఈ నగరాన్ని మొదటిసారి చూడడానికి ఇంతకన్నా మంచి చోటు మరొకటి లేదని మా అభిప్రాయం. ఎండ తగలదు, ట్రాఫిక్ ఉండదు, ఎవరూ మిమ్మల్ని దేనికీ పిలవరు.

థా తియెన్ రేవులో దిగితే వాట్ ఫో ఎదురుగానే ఉంటుంది. ఉదయం 8 గంటలకే తెరుస్తారు; ప్రవేశ రుసుము ప్రస్తుతం 300 బాత్‌లు. 46 మీటర్ల పొడవూ 15 మీటర్ల ఎత్తూ ఉన్న శయన బుద్ధుడు అక్కడే ఉన్నాడు. అందరూ తలవైపు నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోతుంటారు కానీ, అసలు పనితనం పాదాల దగ్గర ఉంది. అరికాళ్లలో ముత్యపు చిప్పలు పొదిగి 108 శుభలక్షణాలు చిత్రించారు. విగ్రహం వీపువైపు గోడ వెంబడి 108 కంచు పాత్రలు వరుసగా ఉంటాయి. ఒక గిన్నెడు చిల్లర నాణేలు తీసుకుని ఒక్కొక్క పాత్రలో ఒక్కొక్కటి వేస్తూ జనం నడుస్తుంటే ఆ చప్పుడు హాలంతా వినిపిస్తుంది. ఒక గంట అక్కడ నెమ్మదిగా గడిపి, ఓపిక ఉంటే థా తియెన్ నుంచే కొద్ది బాత్‌లకు దొరికే దాటింపు పడవలో అవతలి ఒడ్డుకు వెళ్లి వాట్ అరుణ్ చూసి రండి. లేకపోతే వెనక్కి వెళ్లి మంచం దొరికిన వెంటనే నిద్రపోండి. రాజప్రాసాదాన్ని మర్నాటికి వదలండి. అక్కడ 500 బాత్‌లు కట్టి గుంపులో నడుస్తూ, నిద్రకళ్లతో చూడడం ఆ 500లను వృథా చేసుకోవడమే. ముఖ్యంగా ఆ ప్రాంగణంలోనే ఉన్న వాట్ ఫ్రా కేవ్ ఆలయ ప్రాకారం పొడవునా 178 భాగాలుగా గీసిన రామకియెన్ (థాయి రామాయణం) చిత్రాలను తీరికగా చూడాలి. మనకు తెలిసిన రామాయణమే కదా అనుకుంటూ నడిచేవారు హనుమంతుడి దగ్గర ఆగిపోతారు. థాయి కథలో ఆయన బ్రహ్మచారి కాడు, రావణుడి కుమార్తె అయిన మత్స్యకన్యను వరిస్తాడు కూడా.

ప్రశ్న: డబ్బు ఎక్కడ మార్చుకోవాలి? కార్డు చాలుతుందా?

జవాబు: సామాను తీసుకునే హాలులోనూ బయటికి రాగానేనూ కనిపించే బ్యాంకు కౌంటర్లలో రేటు బాగుండదు. భూగర్భ అంతస్తులో రైలు గేట్ల దగ్గర వరుసగా ఉన్న మార్పిడి కౌంటర్లు వాటికన్నా స్పష్టంగా ఎక్కువ ఇస్తాయి. టాక్సీలో వెళ్లదలచుకున్నవారు కూడా ఒకసారి కిందికి దిగి మార్చుకోవడం లాభమే. ఏటీఎంలు విదేశీ కార్డుపై ప్రతి సారీ 220 బాత్‌లు, కొన్ని అంతకు మించి కోస్తాయి. అందుచేత చిన్న మొత్తాలు పదేపదే తీయవద్దు. మీ దేశపు కరెన్సీలోకి మార్చి చూపమంటారా అని యంత్రం అడిగితే వద్దని నొక్కి బాత్‌లలోనే తీసుకోండి. ఆ మార్పిడి రేటు యంత్రం యజమానికి మేలు చేస్తుంది, మీకు కాదు. మెట్రో గేట్ల దగ్గర తాకించే బ్యాంకు కార్డులు పనిచేస్తాయి కానీ, పడవకూ వీధి తిండికీ నగదే కావాలి. వెయ్యి బాత్‌ల నోటును బస్సులోనో తోపుడు బండి దగ్గరో తీయకుండా ముందే ఒక సెవెన్ ఎలెవెన్ దుకాణంలో నీళ్ల సీసా కొని చిల్లర చేసుకోండి.

ప్రశ్న: రాజప్రాసాదం దగ్గర శుభ్రమైన దుస్తుల్లో ఉన్న ఒక పెద్దమనిషి, ఈరోజు ప్రార్థనలు ఉన్నందువల్ల మధ్యాహ్నందాకా ప్రవేశం లేదని, అంతలోపు 20 బాత్‌లకే టుక్‌టుక్‌లో మూడు ఆలయాలు చూసి రావచ్చని మా స్నేహితులతో చెప్పాడట. వాళ్లు వెళ్లారు. ఇందులో మోసం ఎక్కడుందో మాకు అర్థం కాలేదు.

జవాబు: ఆలయాల మధ్యలో ఒక నగల దుకాణం గానీ దర్జీ దుకాణం గానీ వచ్చి ఉంటుంది, దాన్ని మీ స్నేహితులు చెప్పడం మరిచిపోయి ఉంటారు. 20 బాత్‌లు ఆ దూరానికి ఇంధనపు ఖర్చుకే చాలవు. ప్రయాణికులను దుకాణం గడప దాటించినందుకు డ్రైవరుకు ఇంధనం కూపనో కమీషనో ముడుతుంది, ఆ దుకాణం దాన్ని వస్తువు ధరలో కలుపుకుంటుంది. రత్నాల దుకాణంలోనైతే ఇంకో మెట్టు ఉంటుంది. ప్రభుత్వ ప్రత్యేక అమ్మకం ఈరోజుతో ఆఖరని, మీ దేశంలో అమ్ముకుంటే రెట్టింపు వస్తుందని చెబుతారు. ఇదంతా పకడ్బందీగా నడిచే నాటకం. ముందు ఒకరు మూసేశారని చెబుతారు, కొంతదూరం పోయాక తనకు ఏ సంబంధమూ లేనట్టు మరొకరు కలిసి అదే దుకాణాన్ని మెచ్చుకుంటారు. ఇద్దరు పరాయివాళ్లు ఒకే మాట చెప్పారు కనుక నిజమేననిపిస్తుంది, ఆ పాచిక పారేది అక్కడే.

రాజప్రాసాదం మామూలుగా ప్రతి రోజూ ఉదయం 8:30 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ప్రవేశం ఇస్తుంది. రాచ కార్యక్రమాల వల్ల ఎప్పుడైనా మూస్తే ఆ సంగతి ముందే ప్రకటిస్తారు. వీధిలో ఎవరు ఏం చెప్పినా జవాబివ్వకుండా టికెట్టు కౌంటరుదాకా నడిచి చూడడం ఒక్కటే మార్గం. నిజంగా మూసి ఉంటే గేటు దగ్గర యూనిఫాంలో ఉన్నవారే చెబుతారు. టుక్‌టుక్‌లన్నీ మోసమని దీని అర్థం కాదు; సాయంత్రం చల్లబడ్డాక, వెళ్లవలసిన చోటు మీరే నిర్ణయించుకుని, ధర ఎక్కకముందే ఖాయం చేసుకుంటే అది సరదా ప్రయాణమే. పిలవకుండా తానుగా వచ్చి పలకరించే బండిని మాత్రం ఎక్కవద్దు. డబ్బు పోగొట్టుకున్నట్టు తెలిసిన వెంటనే పర్యాటక పోలీసులకు 1155 నంబరులో ఫోను చేయాలి, అక్కడ ఇంగ్లీషులో మాట్లాడతారు.

ప్రశ్న: నేను పూర్తి శాకాహారిని. మొదటి రోజే ఆకలితో తిరగవలసివస్తుందా?

జవాబు: ఆకలికి భయం లేదు, చేప ద్రావకానికే భయపడాలి. నామ్ ప్లా అనే ఈ పులిసిన చేప ద్రావకాన్ని ఉప్పుకు బదులు దాదాపు ప్రతి వంటలోనూ వేస్తారు, కూరగాయల వేపుడులో ఆల్చిప్పల సాస్ పడుతుంది. మాంసం వద్దంటే వంటవాడు ముక్కలు తీసేస్తాడు తప్ప ద్రావకం ఆపడు. పసుపు జెండాపై ఎర్రటి థాయి అక్షరాలతో జే అని రాసి ఉన్న బండ్లలోనూ హోటళ్లలోనూ మాంసం, చేప, గుడ్డు, పాలే కాక ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. అక్కడ నిశ్చింతగా తినవచ్చు. ఆ అక్షరాన్ని ఫోనులో ఫొటోగా పెట్టుకుని దగ్గర ఉంచుకోండి, వీధిలో వెతకడం సులువవుతుంది. ఇవేవీ కుదరని పూట పహురాత్ వైపు వెళ్లండి. సిక్కుల గురుద్వారా చుట్టూ ఉన్న భారతీయుల వాడ అది. పండ్ల బండ్లు ప్రతి మూలా ఉంటాయి. కోసిన పుచ్చకాయ, అనాస, జామ ముక్కలు సంచిలో వేసి పుల్లతో ఇస్తారు, జామ ముక్కలతో పాటు ఉప్పూ చక్కెరా కారమూ కలిపిన పొట్లం కూడా.

ప్రశ్న: మా అమ్మాయి ఒంటరిగా వెళ్తోంది, అందరితో కలిసి పడుకునే డార్మ్ గది తీసుకుంది. తల్లిగా నేను ఏ విషయాలు చూసుకోవాలి?

జవాబు: అమ్మా, చాలా హాస్టళ్లలో మహిళలకు మాత్రమే కేటాయించిన డార్మ్‌లు ఉంటాయి, తను అది తీసుకుందో లేదో ఒకసారి అడగండి. లాకరు ఉంటుంది కానీ తాళం చాలాసార్లు మనమే తెచ్చుకోవాలి, ఒక చిన్న తాళం సంచిలో వేయండి. పాస్‌పోర్టు ఎవరి దగ్గరా తాకట్టుగా ఉంచకూడదు. ఆ నగరంలో ఒంటరి ఆడపిల్లలు నిత్యం తిరుగుతూనే ఉంటారు, రాత్రి పొద్దుపోయేదాకా వీధుల్లో జనం ఉంటారు. అసలు ప్రమాదం అద్దె మోటారు సైకిళ్లతోనూ అపరిచితులు ఇచ్చే పానీయాలతోనూ వస్తుంది. మొదటి రాత్రి ఎక్కడికైనా వెళ్లాలంటే ధర ముందే చూపే గ్రాబ్, బోల్ట్ వంటి యాప్ నుంచి బండి పిలవడం మంచిది, బండి నంబరు మీకు పంపడానికీ వీలుంటుంది. బయలుదేరే ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. థాయ్‌లాండ్ 2025 మే 1 నుంచి డిజిటల్ రాక కార్డును తప్పనిసరి చేసింది; దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ప్రభుత్వ సైటులో ఉచితంగా నింపాలి. దానికి రుసుము అడిగే సైటు ప్రభుత్వానిది కాదు.

ప్రశ్న: ఆలయాల్లో దుస్తుల నియమం ఎంత కఠినం?

జవాబు: రాజప్రాసాదంలో చాలా కఠినం, భుజాలూ మోకాళ్లూ కప్పుకోనివారిని గేటు దగ్గరే ఆపేస్తారు. మిగిలినచోట్ల కొంత చూసీచూడనట్టు పోతారు కానీ దాన్ని నమ్ముకోవద్దు. కూర్చునేటప్పుడు అరికాళ్లు బుద్ధుడి వైపు చాపకూడదు, స్త్రీలు భిక్షువులను తాకకూడదు. రాజకుటుంబం గురించి హాస్యానికైనా వ్యాఖ్యానించకండి. శిక్షాస్మృతి 112వ సెక్షను కింద జైలుశిక్ష పడుతుంది. ఉదయం 8 గంటలకూ సాయంత్రం 6 గంటలకూ స్టేషన్లలోనూ పార్కుల్లోనూ జాతీయ గీతం వినిపించగానే చుట్టూ ఉన్నవారంతా నిలబడిపోతారు, మీరూ నిలబడండి.

ప్రశ్న: మొదటి సాయంత్రం ఖావోసాన్ మంచిదా, చైనాటౌన్ మంచిదా?

జవాబు: ఖావోసాన్ నిడివి అర కిలోమీటరు కూడా లేదు; మీ హాస్టల్ అక్కడే కనుక ఎలాగూ చూస్తారు, పక్కనున్న రంబుత్రి వీధి దానికన్నా నిదానంగా ఉంటుంది. తిండి కోసమైతే చైనాటౌన్‌లోని యావరాత్ వీధికి వెళ్లండి, వాట్ మంకాన్ మెట్రో స్టేషను దాని పక్కనే ఉంది. మీరు దిగేది సోమవారమైతే మాత్రం ఆ ప్రయాణాన్ని మర్నాటికి మార్చుకోండి, వీధి బండ్లలో చాలా వాటికి ఆరోజు సెలవు.