అడవినాభి పెంచాలనుకుంటే

నాయనా,

ఆశీస్సులు. తలకోన దోవలో పొదల మీద చూసిన ఆ ఎర్రపూల తీగ మీ ఇంట్లో పెరుగుతుందా అని అడిగావు. అది అడవినాభి, అగ్నిశిఖ అని కూడా అంటారు. శేషాచలం కొండల్లో పుట్టి పెరిగే తీగ కాబట్టి తిరుపతి ఎండ దానికేం కొత్త కాదు, బాగానే పెరుగుతుంది. కానీ మీ ఇంట్లో పాకే బిడ్డ ఉంది కదా, ముందు విషం సంగతి విను.

ఆకు, పువ్వు, గింజ, దుంప అన్నీ విషమే. గౌట్ అనే కీళ్ల జబ్బు నొప్పులకు మందుగా వాడే కాల్చిసిన్ ఇందులో ఉంటుంది. అదే మోతాదు మించితే ప్రాణం తీస్తుంది, దానికి సరైన విరుగుడు కూడా లేదు. దుంపను తినే గడ్డ అనుకుని వండుకుని చనిపోయినవాళ్లు ఉన్నారు. కాయ పగిలితే లోపల ఎర్రటి గింజలు కనిపిస్తాయి, పిల్లల చెయ్యి ముందు వాటి మీదికే పోతుంది. అందుకే పువ్వు వాడగానే కాడతో సహా కత్తిరించెయ్. నన్నడిగితే బిడ్డకు మాట తెలిసేదాకా నేలలో వద్దు. మేడ మీద, తలుపు గడియ పడే చోట కుండీలో పెట్టుకో.

దుంప కోసం అడవిలో తవ్వే పని పెట్టుకోవద్దు. అది నేరం, పైగా ఆ కొండలకు నష్టం. తమిళనాడులో కరూరు, దిండిగల్ వైపు రైతులు గింజల కోసం దీన్ని పంటగా వేస్తారు. అక్కడివాళ్లకు ఇది రాష్ట్ర పుష్పం కూడా. దుంపలు అటునుంచి తెప్పించుకోవచ్చు. గింజలతో మొదలుపెడితే పువ్వు చూడడానికి రెండు మూడేళ్లు పడుతుంది, అంత ఓపిక నీకు లేదులే.

దుంప నాగలిలా వంగి రెండు కొమ్ములుగా ఉంటుంది. మొలక వచ్చేది కొమ్ము కొసనే. ఆ కొస విరిగితే ఆ కొమ్ము ఇక పనికిరాదు. దుంప పెళుసు, కాబట్టి గ్లౌజులు వేసుకుని మెల్లగా పట్టుకో. మృగశిర కార్తె వానలు పడ్డాక, ఎర్రమట్టిలో సగానికి సగం ఇసుక, ఆకుఎరువు కలిపి, దుంపను అడ్డంగా పడుకోబెట్టి రెండు మూడు అంగుళాల లోతున నాటు. నీళ్లు నిలవకుండా కుండీ అడుగున బెజ్జాలు బాగా ఉండాలి.

ఈ తీగ ఆకుల కొసలతోనే పట్టుకుని పైకి పాకుతుంది. కొస దారంలా సన్నబడి, తగిలినదానికి చుట్టుకుంటుంది. లావు కర్ర పాతితే పట్టు దొరకదు, ఎండిన కంపో సన్నని వెదురు పుల్లలో గుచ్చు. మొగ్గ పచ్చగా తలవంచుకుని ఉంటుంది. విచ్చుకున్నాక ఆరు రేకులూ వెనక్కి తిరిగి, అంచులు ముడతలు పడి, పసుపు కాస్తా రోజురోజుకీ ఎరుపు తిరుగుతుంది. ఒక్కో పువ్వు చాలా రోజులే నిలుస్తుంది.

పూత అయ్యాక తీగ పసుపు తిరిగి ఎండిపోతుంది. చచ్చిందని టెన్షన్ పడొద్దు, నీళ్లు అసలే పొయ్యొద్దు. లోపల దుంప నిద్రలో ఉంటుంది. అసలు గండం మనకు అప్పుడే, నవంబరు వాయుగుండాలతో. 2021లో తిరుపతి వీధులు ఎట్లా మునిగాయో చూశావు కదా, అట్లాంటి తడిలో ఉంటే దుంప కుళ్లిపోతుంది. కుండీని సన్‌షేడ్ కిందికి జరిపి, వేసవి పోయేదాకా పొడిగా వదిలెయ్. దుంపలు బయటికి తీసి దాచాలనుకుంటే మాత్రం వంటింట్లో గడ్డల బుట్ట దగ్గర పెట్టొద్దు, డబ్బా మీద విషమని రాసి పైన ఎక్కడైనా పెట్టు.

కుండీ పన్నెండు అంగుళాలకు తగ్గకుండా కొను.

మీ పెద్దనాన్న,
చిత్తూరు