దుండిగల్‌కు బయలుదేరే ముందు

హనుమకొండ

చిరంజీవి స్రవంతికి,

తాతయ్య ఆశీస్సులు. నీకు జాయినింగ్ లెటర్ వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పగానే నాకు కాసేపు నోట మాట రాలేదు. మామునూరులో నిజాం కాలం నాటి రన్‌వే పక్కన సైకిల్ ఆపుకుని ఆకాశం వైపు చూస్తూ నిలబడిన పిల్లవాణ్ణి నేను. మన ఇంట్లోంచి ఇంకొకరు, అందులోనూ ఆడపిల్ల, దుండిగల్ వాయుసేన అకాడమీకి వెళ్తోందంటే ఈ ముసలి గుండెకు అంతకన్నా ఏం కావాలి? వాయుసేన ఎంపిక బోర్డులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పెట్టే పైలట్ పరీక్షకు జీవితంలో ఒక్కటే అవకాశం. అది దాటావు, వైద్య పరీక్షలు దాటావు. ఇక నీ చేతులకు, నీ మనసుకు పని.

భయం పోవాలంటే ఏం చేయాలని అడిగావు. భయం గురించి నాకు పెద్ద బెంగ లేదు. రోజూ ఎగురుతూ ఉంటే అది తన చోట తాను కూర్చుంటుంది. నేను చెప్పదలచుకున్నది వేరు. తప్పు జరిగిన రోజే, అడగకముందే, అందరి ముందూ చెప్పడం నేర్చుకో. అది రావడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

2022 జూలైలో చెన్నూరు దగ్గర సోమన్‌పల్లిలో గోదావరి వరదకు నీళ్ళ ట్యాంకు ఎక్కి చిక్కుకుపోయిన ఇద్దరిని వాయుసేన హెలికాప్టర్ కాపాడింది కదా. టీవీలో అది చూసే నువ్వు పైలట్ అవుతానన్నావు. నువ్వు తాడు వైపు చూస్తున్నావు, నేను పైన హెలికాప్టర్‌ను చూస్తున్నాను. గాలిలో ఒకచోట కదలకుండా నిలపడం ఎంత కష్టమో నాకు హకీంపేటలో తెలిసింది. చేతక్ హెలికాప్టర్‌లో ఎడమ చేత్తో కలెక్టివ్, అంటే పైకి లేపే లివర్, లాగగానే ముక్కు ఎడమకు తిరిగిపోతుంది. కుడి కాలితో పెడల్ నొక్కి ఆపాలి. ఆపేలోగా హెలికాప్టర్ ముందుకు జారుతుంది. కుడి చేతిలోని సైక్లిక్‌తో, అంటే ముందుకు వెనక్కి పక్కలకు నడిపే కర్రతో, దాన్ని సర్దబోతే వెనక్కి వస్తుంది. మొదటి వారం నేను సైక్లిక్‌ను పిడికిలి బిగించి పట్టుకునేవాణ్ణి. మా ఇన్‌స్ట్రక్టర్ నా వేళ్ళ సందుల్లో పెన్సిల్ దూర్చి పట్టుకోమన్నారు. బిగిస్తే ఎముకలు నొప్పి పుట్టేవి. మూడో రోజుకు వేళ్ళు వదులయ్యాయి, హెలికాప్టర్ నిలిచింది. నీకు మొదట పిలాటస్ శిక్షణ విమానం ఇస్తారు, ఇన్‌స్ట్రక్టర్ వెనుక సీట్లో ఉంటారు. అక్కడా పట్టు తేలికగానే ఉంచు.

ఇక నా తప్పు. స్క్వాడ్రన్‌లో కొత్తగా చేరిన రోజుల్లో, చెట్ల తలలకు కాస్త పైన ఎగిరే సార్టీ అది. ఒకసారి ఎగిరి వచ్చే విడతను సార్టీ అంటాం. కొండ దాటి లోయలోకి దిగుతుంటే ఎదురుగా హైటెన్షన్ తీగలు. మా మ్యాపులో అవి లేవు. తీగ అసలు కనిపించదమ్మా, కనిపించేది స్తంభమే. ఎడమ పక్క స్తంభం కంట పడి ఒక్కసారిగా పైకి లాగాను. తీగలు కింద నుంచి వెళ్ళిపోయాయి. నేనూ కో పైలట్ మొహాలు చూసుకున్నాం. తిరిగి వచ్చాక, ఎగిరినప్పుడు జరిగింది చెప్పుకునే డీబ్రీఫింగ్‌లో ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. చూపు మందగించిందంటారేమో, కొత్తవాడంటారేమో అని నా భయం.

మూడో రోజు ఇంకో పైలట్ల జంట అదే దారిలో వెళ్ళింది. వాళ్ళకూ ఆ తీగలు చివరి క్షణంలోనే కనిపించాయి. వాళ్ళు దిగీ దిగగానే వచ్చి చెప్పారు. ఆ గదిలో వెనుక కుర్చీలో కూర్చుని ఉన్న నాకు ఒళ్ళంతా చెమట పట్టింది. లేచి నిలబడి, నేను మూడు రోజుల కిందటే చూశానని చెప్పాను. మా కమాండింగ్ ఆఫీసర్ కేకలు వేయలేదు. ఎర్ర పెన్సిల్ నా చేతికిచ్చి, గోడ మీది మ్యాపులో ఆ తీగలు గీయమన్నారు. గీత సగంలో పెన్సిల్ ముక్కు విరిగింది. చెక్కుకుని మళ్ళీ గీశాను. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ జంటలో ఒకరికి అప్పుడు నెలల బిడ్డ.

ఇన్‌స్ట్రక్టర్ నీ తప్పు చెబుతున్నప్పుడు కారణాలు వెతకకు. నీకు తెలిసిన నీ తప్పు ఆయన కంట పడకపోతే ఆ రోజే చెప్పు. ఇంధనం లెక్క తప్పినా, రేడియోలో మాట సరిగా వినకపోయినా, రాత్రి నిద్ర పట్టకపోయినా చెప్పు. నిద్ర లేదని చెప్పి సార్టీ మానుకున్న రోజు నిన్ను ఎవరైనా చిన్నచూపు చూస్తే చూడనీ.

ఫైటర్, అంటే యుద్ధ విమానం, రాకపోతే ఏడవకు. నేనూ ఫైటరే అడిగాను, హెలికాప్టర్ ఇచ్చారు, రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ తర్వాత వరద నీళ్ళలో ఇళ్ళ కప్పుల మీద నుంచి మనుషుల్ని లాగినప్పుడు ఇంకో ఉద్యోగం గురించి ఆలోచనే రాలేదు. నిజమే, 2016లో దుండిగల్‌లోనే మొదటి ముగ్గురు అమ్మాయిలు ఫైటర్ పైలట్లుగా కమిషన్ అందుకున్నారు, ఆ దారి నీకూ తెరిచే ఉంది. వస్తే సంతోషం.

డబ్బు మాట కూడా చెప్పాలి, ఇంట్లో ఇంకెవరూ చెప్పరు. నీది పద్నాలుగేళ్ళ షార్ట్ సర్వీస్ కమిషన్. బయటికి వచ్చాక పెన్షన్ ఉండదు. మొదటి జీతం నుంచే కొంత పక్కన పెట్టు. చివరి రెండేళ్ళు మిగిలి ఉండగానే పౌర విమానాల లైసెన్సు పరీక్షలు రాయడం మొదలుపెట్టు. యూనిఫాం విప్పాక పుస్తకం పట్టడం చాలా కష్టం, నేను పడ్డాను.

బూట్లు ఇప్పుడే కొని, రోజూ భద్రకాళి చెరువు కట్ట మీద వాటితోనే పరుగెత్తు. కొత్త బూట్లతో వెళ్తే మొదటి వారమే మడమలు పుళ్ళు పడతాయి.

ఆదివారం అమ్మను తీసుకుని ఇంటికి రా. నా లాగ్‌బుక్ దించి పెట్టాను. ఆ సార్టీ వరుస చూపిస్తాను. తేదీ, హెలికాప్టర్ నంబరు, గంటా పది నిమిషాలు అని ఉంది. తీగల మాట అందులో లేదు.

మీ తాతయ్య