ఎలుకలు చనిపోతున్నాయని ఏడుస్తోంది... ప్రాజెక్టు మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఫార్మసీ ఫార్మకాలజీ రెండో ఏడు. ఎలుక పుర్రెకు రంధ్రం వేసి మెదడులో ఒకచోట మందు ఎక్కించే ప్రాజెక్టు ఇచ్చారు. సూది చోటు తప్పుతోందట, మూడు ఎలుకలు చనిపోయాయి. రోజూ ఫోన్లో ఏడుస్తోంది. మాన్పించి అమీర్‌పేటలో ఫార్మకోవిజిలెన్స్ కోర్సులో చేర్పించనా? ఏది మేలు?
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: ఏది మేలని అడిగారు గానీ, మీ అసలు భయం పిల్లకు చేతకాదేమోనని. అది వదిలేయండి. ఈ పనిలో మొదట్లో గురి తప్పనివాళ్లు లేరు.

దీన్ని స్టీరియోటాక్సిక్ సర్జరీ అంటారు. ఎలుకకు మత్తిచ్చి, చెవుల దగ్గర కడ్డీలతో తల కదలకుండా బిగిస్తారు. పుర్రె మీద ఎముకలు కలిసే బ్రెగ్మా నుంచి ముందుకో వెనక్కో ఎంత, పక్కకు ఎంత, లోతు ఎంత అని మిల్లీమీటర్లలో లెక్క. ఆ అంకెలకు అందరూ చూసేది 1982లో పాక్సినోస్, వాట్సన్ అనే శాస్త్రవేత్తలు అచ్చువేసిన అట్లాసు, అంటే ఎలుక మెదడు పటాల పుస్తకం. అది సుమారు 290 గ్రాముల విస్టార్ రకం మగ ఎలుకలను చూసి గీసింది. మీ అమ్మాయి ముందున్నది 200 గ్రాముల ఎలుకైతే ఆ అంకెలు ఉన్నవున్నట్టు సరిపోవు. బ్రెగ్మా, వెనక అలాగే ఎముకలు కలిసే లాంబ్డా ఒకే ఎత్తులో లేకపోయినా సూది దారి తప్పుతుంది. అందుకే ముందు రంగు ఎక్కించి, మెదడును పలుచగా కోసి, రంగు ఎక్కడ పడిందో చూసి అంకెలు సరిచేసుకుంటారు. చనిపోవడానికి మత్తు మోతాదు కారణం కావచ్చు, ఆపరేషన్లో ఒళ్లు చల్లబడటం కావచ్చు. కింద హీటింగ్ ప్యాడ్ పెడుతున్నారా? గైడ్ ఒక్క పూట పక్కన కూర్చుంటే తేలిపోతుంది. కూర్చోమని అడిగే హక్కు ఆమెకుంది.

అంత కచ్చితం ఎందుకంటారా? 1951లో మన శాస్త్రవేత్త బి.కె. ఆనంద్, అమెరికాలో బ్రోబెక్‌తో కలిసి, ఎలుక మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో పక్కభాగాన్ని రెండువైపులా దెబ్బతీస్తే అది తిండే మానేస్తుందని చూపించారు. ఆ దెబ్బ కాస్త మధ్యకు జరిగితే ఫలితం తలకిందులు, అదేపనిగా తిని లావెక్కుతుంది.

ఇక ఫార్మకోవిజిలెన్స్. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఆ పని రోగులకు అవసరమైనదే, గౌరవమైనదే. నా అనుమానమల్లా ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ బోర్డుల మీద. మూడు నెలల కోర్సు చూపించేది సాఫ్ట్‌వేర్‌లో కేసులు ఎక్కించడం. కంపెనీలు ముందుగా యంత్రాలకు అప్పగిస్తున్నదీ ఆ మెట్టునే. పైగా దానికి బి.ఫార్మసీ చాలు. డిగ్రీ అయ్యాక కూడా ఆ తలుపు తెరిచే ఉంటుంది, ఇప్పుడు మధ్యలో వదిలిన ఎం.ఫార్మసీ మాత్రం మళ్లీ అంత తేలిగ్గా రాదు. మెదడు మందుల పరిశోధనలో ఉద్యోగాలు తక్కువే, దాచను. కానీ ఈ చేతిపని వచ్చినవాళ్లూ తక్కువే.

ఒక్క మాట కటువుగా అంటాను, ఏమనుకోకండి. రోజూ ఏడుస్తోందని రాశారు, ఎందుకో మీరు అడిగినట్టు ఎక్కడా లేదు. పని కుదరలేదని ఏడవడం వేరు, ప్రాణం తీశానని ఏడవడం వేరు. మొదటిదైతే నెలరోజుల్లో చెయ్యి కుదురుతుంది. రెండోదైతే అది పిరికితనం కాదండీ, సెల్ కల్చర్ (పాత్రల్లో కణాలు పెంచి చేసే పని) లాంటి ప్రాజెక్టుకు మార్చమని గైడ్‌ను అడగడానికి అది చాలినంత కారణం.

ఈసారి ఫోన్లో కోర్సు ఊసెత్తకండి. ఎలుక బరువెంతో అడిగి, ఆమె చెప్పేదంతా వినండి.