పక్క కుర్చీలో కూర్చున్న పొరుగువాడు

చిరంజీవికి,

ప్రభువు నామంలో వందనాలు. సంఘంలో అందరితో ప్రేమగా మెలగగలుగుతున్నాను గానీ, ఆఫీసులో అడుగు పెట్టగానే ఆ ప్రేమ ఏమైపోతోందో తెలియడం లేదని నీవు రాశావు. నీవు చేసిన పనిని తనదిగా చెప్పుకునే ఆ సహోద్యోగి వల్ల నీ మనసు ఎంత నలిగిందో ప్రతి వాక్యంలోనూ కనిపించింది. ఆయనంటే ఇష్టం పెంచుకోమని నేను చెప్పబోవడం లేదు. ఇష్టాయిష్టాలు మన చేతిలో ఉండవు. కీడు తలపెట్టకపోవడం, మేలు చేసే అవకాశం వచ్చినప్పుడు జారవిడుచుకోకపోవడం మాత్రం మన చేతిలోనే ఉన్నాయి. శత్రువులను ప్రేమించమన్నప్పుడు ప్రభువు మనలను అడిగింది ఇదేనని నా నమ్మకం.

“ప్రేమ దీర్ఘకాలము సహించును, దయ చూపించును” అన్న బైబిలు అధ్యాయాన్ని పెళ్ళిళ్ళలో విని విని, అది కొత్త దంపతుల కోసం రాసినదనే అనుకుంటున్నాం. తొలినాళ్ళ సంఘాల బోధకుడైన పౌలు దానిని రాసింది, ‘నేను పౌలు వాడను’ అని కొందరు, ‘నేను అపొల్లో వాడను’ అని మరో బోధకుడి పేరు చెప్పుకొని ఇంకొందరు వర్గాలుగా చీలి, ఒకరి మీద ఒకరు వ్యాజ్యాలకు కూడా వెళ్ళిన కొరింథు సంఘానికి. మీ ఆఫీసులోని వర్గాలనూ పదోన్నతుల పోటీనీ మనసులో ఉంచుకొని కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, అంటే ఆ లేఖలో, 13వ అధ్యాయాన్ని మరోసారి చదువు. “అపకారమును మనస్సులో ఉంచుకొనదు” అన్న చోట నీవు తప్పకుండా ఆగిపోతావు.

రోజూ పని మొదలుపెట్టే ముందు ఆయన పేరెత్తి ప్రార్థించు. ‘ప్రభువా, ఆయనను మార్చు’ అనవద్దు, అది ప్రార్థన కాదు, ఫిర్యాదు. ఆయన ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఏ గడువు ఆయనను తరుముతోందో, వాటి కోసం అడుగు. అవేమీ తెలియకపోతే, ఇంతకాలం పక్కనే కూర్చుని కూడా ఆ మనిషిని పట్టించుకోలేదని నీకే అర్థమవుతుంది; పలకరింపు అక్కడినుంచి మొదలుపెట్టు.

ఇక మాట విషయం. ఒక నివేదికలో ఆయన చేసిన పొరపాటు బయటపడిందనుకో. ‘ఈ అంకె మార్చమని పోయిన వారమే చెప్పాను’ అని మెయిల్ రాసి, కాపీలో పై అధికారి పేరు చేరుస్తావు. ఆ వాక్యంలో అబద్ధం లేదు, కానీ ఆ కాపీ ఎందుకో నీకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ పేరు తీసెయ్యి. వీలైతే మెయిలే మాని, పక్కన ఎవరూ లేనప్పుడు ఆయన దగ్గరకు వెళ్ళి చెప్పు. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన క్రమం ఇదే కదా: ముందు ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకొని, అప్పటికీ వినకపోతే సంఘానికి. మనమేమో చివరిదానితో మొదలుపెడతాం. నీ పనిని తనదిగా చెప్పుకున్న సంగతి కూడా ఇలాగే ఆయననే సూటిగా అడుగు. వినకపోతే అధికారికి చెప్పడం ప్రేమకు విరుద్ధమేమీ కాదు. దొంగ బిల్లు మీద సంతకం పెట్టమన్నప్పుడు ప్రేమ పేరు చెప్పి ఊరుకోవడం మాత్రం పిరికితనమే.

నీ విశ్వాసాన్ని ఎవరి మీదా రుద్దవద్దు. వేరే విశ్వాసం గలవారు కష్టంలో ఉంటే ముందు పనిలో సాయం చెయ్యి. మీకోసం ప్రార్థించవచ్చా అని అడగడం ఆ తరువాత, అదీ వాళ్ళకు ఇబ్బంది కాదనిపిస్తేనే.

రేపు నీ కింద నలుగురు పనిచేసే రోజు వస్తుంది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. ఏ పని చేసినా ప్రభువు కోసమన్నట్టు మనస్ఫూర్తిగా చేయమన్న కొలొస్సయుల పత్రిక 3వ అధ్యాయపు మాటను పైవాళ్ళు కిందివాళ్ళకు తరచుగా వినిపిస్తుంటారు. అధ్యాయం మారిందని అక్కడే ఆపేస్తారేమో గానీ, 4వ అధ్యాయం మొదటి వచనంలోనే పౌలు యజమానుల వైపు తిరిగి, మీకూ పరలోకంలో యజమానుడున్నాడు కనుక దాసులకు న్యాయమైనదీ ధర్మమైనదీ చేయమంటాడు. అందువల్ల సెలవు అడిగినవాడిని దోషిలా నిలబెట్టకు, కిందివాళ్ళ పనిని పై అధికారికి చూపించేటప్పుడు వాళ్ళ పేర్లు చెప్పడం మరువకు, గది ఊడ్చే ఆమెను కూడా పేరుపెట్టి, మీరు అని పిలువు.

ఆయనతో మాట్లాడాక ఏమన్నారో నాకు రాయి.

ప్రభువునందు,
నీ పెదనాన్న